కలిపిన ఏళ్లు

క్యూలో తమ ముందు నలుగురు మిగిలేసరికి పిల్ల తలలో ముడి మళ్లీ జారింది. తల్లి రెండు పిన్నులు పళ్ల మధ్య పట్టుకుని, పిల్లని గోడవైపు తిప్పి, జుట్టు గట్టిగా మెలిపెట్టి గుచ్చింది.

"అబ్బా, నొప్పమ్మా!"

"అరవకు. పద్దెనిమిదేళ్ల మనిషి అలా అరవదు."

"పద్దెనిమిదేళ్ల వాళ్లకి నొప్పెయ్యదా?"

"వేస్తుంది. అరవరు."

లోపల రెండో గంట కొట్టి చాలాసేపయింది. గేటు దగ్గర తల్లి నిలబడ్డ ప్రతి నిమిషమూ సాయంత్రం పని దిగాక కూర్చుని తీర్చాలి. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆమె ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు బరువు మార్చుకుంటోంది.

అది చొక్కాలు కుట్టే కంపెనీ. ఒక్క చొక్కా పది చేతులు మారుతుంది. ఒకరు కాలరు కుడతారు, ఒకరు చేతులు కలుపుతారు, ఒకరు కాజాలు తీస్తారు, ఆ పక్కన కూర్చున్నామె బొత్తాలు వేస్తుంది. ఈ తల్లిది కాజాల మిషను. ఇరవై ఏడేళ్లుగా అదే మిషను కాబట్టి ఆమె సొంత పేరు జీతాల రోజున తప్ప ఎవరూ పలకరు. లోపల అందరికీ ఆమె కాజాలమ్మ.

ఈ ఏడు కంపెనీ కొత్త పద్ధతి తెచ్చింది. నలభై ఐదు నిండిన వాళ్లు మిషను దిగి ఊడ్చే పనికి పోవాలి. నెలకు పన్నెండు వేలు తెచ్చేవాళ్లకు ఆరు వేలు వస్తాయి. అలా దిగడం ఇష్టం లేకపోతే ఇంటినుంచి వయసులో ఉన్న పిల్లని తెచ్చుకుని పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఆ పిల్ల దారాలు కత్తిరించి, ముక్కలు అందించి, పెద్దామె చెయ్యి తగ్గిన మేరకు పూడ్చాలి. దీన్ని 'జత' అంటారు. పెద్దామె జీతం తగ్గదు, జతకు సగం జీతం విడిగా. కంపెనీ వైపు కూర్చుని చూస్తే ఇంత చక్కటి బేరం మరొకటి లేదు. పాత చెయ్యి పూర్తిగా అరిగిపోయేలోపు కొత్త చెయ్యి తయారవుతుంది. నేర్పినందుకు ఎవరికీ కూలి ఇవ్వక్కర్లేదు, కన్నతల్లే నేర్పుకుంటుంది.

జతకు మాత్రం పద్దెనిమిది నిండాలి. ఎక్కడో దూరదేశంలో ఈ చొక్కాలు కొనేవాళ్లు అలా రాయించారు. పిల్లకి పదిహేను. పదో తరగతి చదువుతోంది.

కాజాలమ్మకు కంపెనీ లెక్కలో నలభై ఐదు, కడుపున పుట్టిన లెక్కలో నలభై ఒకటి. ఆ నాలుగేళ్లు ఆమె పద్నాలుగో ఏట ఇదే గేటు దగ్గర కలుపుకున్నవి. ఆ రోజు ఆమె తలకు ముడి వేసింది ఆమె తల్లి. అప్పుడవి ఊరికే వచ్చిన ఏళ్లలాగే అనిపించాయి. ఊరికే వచ్చిన సరుకు ఏదో ఒక రోజు ధర అడుగుతుంది. మొదట్లో కలుపుకున్న నాలుగేళ్లనూ కంపెనీ ఇప్పుడు చివర్లో కోసుకుంటోంది. అసలు వయసు ఇది బాబూ అని చెప్పుకుందామంటే, అబద్ధమాడి చేరావని ఉన్న పని కూడా ఊడబెరుకుతారు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి.

అందుకని ఇంట్లో కొద్దిరోజులుగా పిల్లని పెద్దదాన్ని చేసే పని నడుస్తోంది. తండ్రి తోపుడుబండి మీద ప్లాస్టిక్ బకెట్లు, మగ్గులు అమ్ముతాడు. వీధివీధీ తిరిగి రకరకాల మనుషులతో బేరమాడిన మనిషి కాబట్టి పరీక్ష పెట్టే పని ఆయన తీసుకున్నాడు. తింటుంటే, చెప్పులు వేసుకుంటుంటే, పుస్తకంలో తల దూర్చి ఉంటే, హఠాత్తుగా అడిగేవాడు.

"ఏ సంవత్సరంలో పుట్టావమ్మా?"

పిల్ల ముద్ద మింగి చెప్పేది.

"ఊహూఁ. తలుచుకుని చెప్పావు. తలుచుకుంటే అది లెక్క, వయసు కాదు. వయసు నాలుక చివర ఉండాలి. నా బండి మీద ఎర్ర బకెట్టెంత అంటే ఆలోచిస్తానా?"

"నువ్వు మనిషికో ధర చెప్తావు కదా నాన్నా."

"అదే మరి! ఎవరికి ఎంత చెప్పినా ఆలోచించను."

తల్లి నడక నేర్పింది. కాలవ మీద గెంతకూడదు, పక్కనుంచి తిరిగి వెళ్లాలి. జడ చివర నోట్లో పెట్టుకోకూడదు. 'మా టీచరు' అనే మాటే నోట రాకూడదు. ఎవరైనా తిడితే మొహం ఎత్తకుండా చెయ్యి ఆడిస్తూనే ఉండాలి. పిల్ల అన్నీ పట్టేసింది. ఒక సాయంత్రం నడుం మీద చెయ్యి పెట్టుకుని, మూలుగుతూ పీట మీద కూర్చుని, "అమ్మో, ఈ మోకాళ్లు!" అంది, అచ్చం తల్లిలాగే. ఇల్లంతా నవ్వింది. తల్లి కూడా నవ్వింది. తర్వాత చాలాసేపు గిన్నెలు తోముతూ ఉండిపోయింది.

పిల్ల ఒక్కసారే అడిగింది, తండ్రి బండికి తాళ్లు కడుతుండగా.

"మరి బడి?"

"ఒక ఏడాది ఆగి చదువుకోవచ్చులే. చదువు ఎక్కడికీ పోదు."

"అలా ఆగి మళ్లీ చదివినవాళ్లు మన వీధిలో ఎవరున్నారు నాన్నా?"

తండ్రి కట్టిన తాడు విప్పి మళ్లీ కట్టాడు. మనిషికో ధర చెప్పగలవాడికి ఈ ఒక్క మాటకి మాత్రం ధర తోచలేదు.

*

గేటు దగ్గర ప్రశ్నలు అడిగే ఆడమనిషిని అందరూ గేటత్త అంటారు. ఆమె కూడా ఒకప్పుడు కాలర్లు కుట్టిందే. రెండు వేళ్లు సూది కింద నలిగాక కుర్చీ ఇచ్చి ఇక్కడ కూర్చోబెట్టారు. తల్లుల్ని గీత అవతల నిలబెట్టి పిల్లల్ని ఒక్కొక్కళ్లనే పిలుస్తుంది.

"వయసు?"

"పద్దెనిమిదండి."

సంవత్సరం అడిగింది, తేదీ అడిగింది. పిల్ల తడుముకోలేదు. గీత అవతల తల్లి పిడికిలి వదులైంది.

"ఇంట్లో ఇంకెవరు?"

"అమ్మ, నాన్న, చెల్లి."

"చెల్లికెన్నేళ్లు?"

"పదమూడు."

"నీకంటే ఎంత చిన్నది?"

"రెండేళ్లు!"

తరగతిలో లెక్కలకు మొదట చెయ్యెత్తేది ఈ పిల్లే. ఇక్కడా అంతే చురుగ్గా చెప్పింది. చెప్పాక గానీ తెలియలేదు. పెదవి కొరుక్కుంది.

గేటత్త కలం మూత పెట్టింది. "ఏమే కాజాలమ్మా, ఇలా రా. దీనికి మూడేళ్లు కలిపి చిన్నదాన్ని మర్చిపోయావా? అదేం పాపం చేసిందే?"

వెనక క్యూలో ఆడవాళ్లు కిసుక్కుమన్నారు.

"అత్తా, ఈ ఒక్కసారికి..."

"ఉండు, ఇంకా ఉంది. నీ పెళ్లికి నేను వచ్చాను. కూర మాడింది, ఇంకా గుర్తుంది నాకు. పదహారేళ్లయింది. పద్దెనిమిదేళ్ల కూతురు ఎక్కణ్ణుంచి వచ్చిందే, తోడు పెళ్లికూతురిగా తెచ్చుకున్నావా?"

ఈసారి నవ్వు పెద్దగానే వచ్చింది. కాజాలమ్మ కూడా నవ్వబోయింది, నవ్వితే పని జరుగుతుందేమోనని. మొహం సహకరించలేదు. గేటత్త ఆ మొహం చూసి గొంతు తగ్గించింది.

"ఒక్కసారికి అత్తా అని నువ్వంటావు. నాకు రోజూ ఇదే. పంపిస్తాలే. కానీ మధ్యాహ్నం కొనేవాళ్ల తరఫు మనిషి వస్తోంది. కొత్త పిల్లల దగ్గరే కూర్చుని అడుగుతుంది. ఈలోపు ఇంటిల్లిపాదికీ వయసులు కుట్టుకో. ఒక్కరికే కుడితే చిరుగు పక్కకి పాకుతుంది."

*

లోపల మొదట చెవులు పోతాయి, తర్వాత ముక్కు. మిషన్ల మోతలో పక్క మనిషి మాట పెదవుల్ని చూసి తెలుసుకోవాలి. గాలిలో నూలుపీచు తేలుతుంటుంది. పిల్ల తల్లి పక్కన ముక్కాలి పీట మీద కూర్చుంది. తల్లి కాజా తీసి తోసిన ముక్కను అందుకుని, నాలుగు చోట్ల దారం కత్తిరించి, దులిపి, బొత్తాలామె వైపు జరపాలి.

"కత్తెర బొటనవేలితో నొక్కకు, పుండవుతుంది. అరచేత్తో నొక్కు," అని తల్లి చెప్పింది. పద్నాలుగో ఏట ఆ పుండు ఆమెకు అయింది. చెప్పేవాళ్లు లేక అయింది.

వరసల మధ్య ఒక మనిషి చెక్క స్కేలు పట్టుకుని తిరుగుతుంటాడు. బట్ట కొలవడానికి ఇచ్చారు గానీ అతను దాన్ని బల్లల మీద కొట్టడానికే వాడతాడు. స్కేలు మేస్త్రి అంటారు.

"జతా! చెయ్యాడాలి, చెయ్యి!"

పిల్ల తల ఎత్తి చూసింది. జత అంటే తనే అని తెలియడానికి క్షణం పట్టింది. తర్వాత తల్లి నేర్పినట్టే తల దించి చెయ్యి ఆడించింది.

పిల్లది చురుకైన చెయ్యి. భోజనాల గంట కొట్టేవేళకు కాజాలమ్మ ముందున్న గంప ఖాళీ అయింది. కొన్ని నెలలుగా గంటకు డెబ్బై ముక్కల దగ్గర ఆగిపోతున్న మనిషి ఇవాళ తొంభై అందుకుంది. స్కేలు మేస్త్రి ఏమీ అనకుండా వెళ్లిపోయాడు, అంటే మెచ్చుకున్నట్టే. ఆమెకు సంతోషం వేసింది. ఆ సంతోషం లోపలికి దిగుతుండగానే సిగ్గు వేసింది. బండి మీద పచ్చికాయ పెట్టి పండని అమ్మినవాడికి డబ్బు చేతికొచ్చినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది.

మెట్ల కింద కూర్చుని డబ్బా మూత తీశారు. తినడానికి ఉన్న టైము కాస్తే, అందులో ఇంటిల్లిపాదినీ సర్దాలి.

"చెల్లికి పదహారు. గుర్తుంచుకో."

"అది ఇంకా నా ఒళ్లో కూర్చుంటుందమ్మా."

"కూర్చోనీ. పదహారు. నా పెళ్లయి పంతొమ్మిదేళ్లు. నాన్నకు ఎంతైనా ఫరవాలేదు, మగవాళ్ల వయసు ఎవరూ అడగరు. నా వయసు అడిగితే నలభై ఐదు."

పిల్ల నములుతూ ఆగింది. "నలభై ఒకటి కదా?"

"ఇక్కడ నలభై ఐదు."

"నీకెందుకు కలపడం? నేను కదా కొత్తదాన్ని?"

కాజాలమ్మ సీసా ఎత్తి నీళ్లు తాగింది. పిల్ల వేళ్లు డబ్బా అంచు మీద కదులుతున్నాయి. నలభై ఒకటిలోంచి ఇరవై ఏడు తీసేస్తోందని తల్లికి తెలిసింది. ఆపడానికి ఏమీ లేదు. లెక్క వచ్చిన పిల్లకి లెక్క రాకుండా చేయలేం.

"పద్నాలుగా?" అంది పిల్ల.

తల్లి తలూపింది.

"నాకంటే చిన్నప్పుడా?"

"అప్పుడు అందరూ అంతే."

"ఇప్పుడు కూడా అందరూ అంతే కదమ్మా. ఉదయం క్యూలో చూశాగా." చేతిలో ముద్ద మళ్లీ డబ్బాలో పెట్టేసింది. "నలభై ఐదు నిండితేనే కదా ఊడ్చే పనికి పంపిస్తామన్నది? నీకు నిండలేదు కదా? అయితే ఇంకా నాలుగేళ్లు నువ్వొక్కదానివే ఆ మిషను మీద ఉండొచ్చు కదా? నేను రాకుండానే?"

"చెప్పకూడదే. చెబితే అసలుకే మోసం."

"మరి ఆ నాలుగేళ్లు ఏమైనట్టు? ఎవరు తీసుకున్నట్టు?"

కాజాలమ్మ సీసాకు మూత పెట్టింది. అది సరిగ్గా పడలేదు. మళ్లీ తీసి మళ్లీ పెట్టింది.

"నాకిప్పుడు మూడు కలిపారు," అంది పిల్ల, లెక్క బోర్డు మీద వేస్తున్నట్టు నెమ్మదిగా. "అంటే నాకు నలభై రెండు రాగానే నన్ను దింపేస్తారు. అప్పుడు నేను కూడా..." అని ఆపేసింది. పుట్టని పిల్ల మాట నోటిదాకా వచ్చి ఆగిన సంగతి ఇద్దరికీ తెలుసు.

"తిను," అంది తల్లి. "టైమవుతోంది."

పిల్లలకు మంచీ చెడూ చెప్పాలని లోకంలో అందరూ అంటారు. చేతిలో ఉన్న సరుకే ఎవరైనా ఇవ్వగలరు. కాజాలమ్మ దగ్గర ఉన్నది కత్తెర ఎలా పట్టుకోవాలి, తిట్టు ఎలా మింగాలి, వయసు ఎలా కలపాలి అన్నవే. అవి మూడూ కూతురికి ఇచ్చేసింది. ఇంకా ఏమైనా ఉందేమోనని తడుముకుంటే చెయ్యి ఖాళీగా తగిలింది.

*

కొనేవాళ్ల తరఫున వచ్చినామె మృదువైన మనిషి. వరస వరసకీ నమస్కారం పెడుతూ వచ్చింది. ఆమె వస్తుందని నేల రెండుసార్లు తుడిచారు. ఏడాదిగా తిరగని పంకాలు కూడా తిరుగుతున్నాయి. వెనకే స్కేలు మేస్త్రి, చేతిలో స్కేలు లేకుండా, నవ్వుతూ. అతను అంతసేపు నవ్వగలడని ఆ వరసలో ఎవరికీ తెలియదు.

ఆమె పిల్ల పక్కనే కిందికి వంగి కూర్చుంది. చుట్టుపక్కల మిషన్లు ఆపించింది.

"ఏమ్మా, ఎన్నేళ్లు నీకు?"

"పద్దెనిమిదండి."

నాలుక చివరనుంచి వచ్చింది. తండ్రి వింటే మెచ్చుకునేవాడు. సంవత్సరం చెప్పింది. చెల్లికి పదహారు అంది. అమ్మానాన్నల పెళ్లయి పంతొమ్మిదేళ్లు అంది. అడక్కుండా ఏదీ చెప్పలేదు, అడిగాక ఏదీ ఆలోచించలేదు. కన్ను కూడా ఆర్పలేదు. ఆ మొహంలో తన పిల్ల ఎక్కడుందో కాజాలమ్మకు కనిపించలేదు. నాలుగు రోజులు కూర్చుని తను తయారు చేసిన మనిషి కనిపించింది. బాగా కుదిరింది. ఎక్కడా చిరుగు లేదు.

"ఇష్టంగానే వచ్చావా పనికి?"

"మా అమ్మకు తోడుగా వచ్చానండి."

"ఎంత మంచి మాట!" అని ఆమె లేచి, తల్లి వైపు తిరిగింది. "అదృష్టవంతులమ్మా మీరు. మీకెన్నేళ్లు?"

మాటవరసకు అడిగింది. చేతిలో ఉన్న కాగితం మడిచేస్తూ కూడా ఉంది. నలభై ఐదు అంటే అయిపోయేది. ఇరవై ఏడేళ్లుగా ఎవరడిగినా కాజాలమ్మ నోరు తనంత తానే కలిపి చెప్పే అంకె అది. నోరు తెరిచింది.

"నలభై ఒకటండి."

మేస్త్రి నవ్వు ఉన్నచోటే ఆగింది. పిల్ల చేతిలో కత్తెర తెరిచిన నోటితో అలాగే ఉండిపోయింది.

వచ్చినామె మడిచిన కాగితం మళ్లీ విప్పింది. "ఇందులో నలభై ఐదని ఉందే?"

"ఆడవాళ్లు కదండీ!" మేస్త్రి అందుకున్నాడు. "నలుగురిలో వయసు అడిగితే నాలుగు తగ్గించకుండా ఎవరు చెప్తారు? మా ఇంట్లో ఆవిడకు పదేళ్లుగా ముప్పై ఆరే!"

ముందు అతను నవ్వాడు. తర్వాత వచ్చినామె నవ్వింది. "మా అమ్మ కూడా అంతేనండి. యాభై దగ్గర ఆగిపోయింది, ముందుకు రాదు." చుట్టుపక్కల వాళ్లు నవ్వాలి కాబట్టి నవ్వారు.

"నిజమేనండి," అంది కాజాలమ్మ. గొంతు ఎక్కడో అడుగున ఉంది. "నలభై ఒకటేనండి. పద్నాలుగో ఏట..."

"అలాగేనమ్మా, అలాగే. చూస్తే ముప్పై లాగే ఉన్నారు," అని ఆమె ప్రేమగా కాజాలమ్మ భుజం తట్టింది. నవ్వు ఇంకోసారి లేచింది. నవ్వుతూనే వాళ్లు పక్క వరసలోకి మళ్లారు. అబద్ధం చెప్పడానికి అన్ని రోజులు నేర్చుకోవాల్సి వచ్చింది. నిజాన్ని కొట్టిపారేయడానికి ఒక జోకు సరిపోయింది.

మిషన్లు మళ్లీ మొదలయ్యాయి. వచ్చినామెను కారు దాకా సాగనంపి మేస్త్రి స్కేలుతో తిరిగొచ్చాడు. కాజాల మిషను మీద ఒక్క దెబ్బ వేశాడు.

"కాజాలమ్మా, నవ్వించడం కూడా వచ్చునే నీకు. ఇంకోసారి నవ్వించావంటే ఊడ్చే పని కూడా ఉండదు."

ఆమె కొత్త ముక్కను సూది కిందికి తోసింది. అతను పిల్ల వైపు తిరిగాడు. గొంతు మారింది.

"నువ్వు మాత్రం గట్టిదానివి. పాతికేళ్ల మనిషిలా చెప్పావు. రేపట్నుంచి మొదటి గంటకే రావాలి, ఈ రోజులా క్యూలో నిలబడక్కర్లేదు. వస్తున్నావుగా?"

పిల్ల తల్లి వైపు తిరిగింది. "ఏం చెప్పనమ్మా?"

అవునంటే ఏమవుతుందో, కాదంటే ఏమవుతుందో కాజాలమ్మకు పైసాతో సహా తెలుసు. ఇటు పన్నెండు వేలూ పిల్ల సగం జీతమూ, అటు ఆరు. ఇటు కలిపిన మూడేళ్లు, అటు... అటువైపు ఏముందో ఆమె ఎన్నడూ చూడలేదు. చూడని దానికి ధర ఎలా కట్టాలో తెలియలేదు. నోరు తెరిచింది. ఏమీ రాలేదు. కాలు మాత్రం పెడల్ మీదనుంచి లేచింది. మిషను గుర్రుమని ఆగింది.

ఒక ముక్క సూది కింద సగం కాజాతో ఉంది. ఇంకో ముక్క పిల్ల ఒళ్లో దారాలతో ఉంది. బొత్తాలామె ముందు బల్ల ఖాళీ అయింది.

"ముక్కలేవే?" అని ఆమె వెనక్కి తిరిగి అరిచింది. "కాజాలమ్మా! ముక్కలు రావట్లేదేం?"

ఆమె అవతల చొక్కాలు మడతపెట్టే మనిషి కూడా తల ఎత్తింది.

"నిన్నే అడుగుతున్నా," అన్నాడు మేస్త్రి. తల్లిని అడిగాడో పిల్లని అడిగాడో అతనికే తెలియలేదు. పిల్ల కత్తెర బల్ల మీద పెట్టేసి, తల్లి మొహంలోకి చూస్తూ కూర్చుంది.